విశాఖలో హామ్ రేడియో: టవర్ ఎత్తు, ఎర్తింగ్ గురించి

ప్రశ్న: సాగర్‌నగర్‌లో మాది రెండంతస్తుల సొంత ఇల్లు. హామ్ (అభిరుచిగా సొంత రేడియోతో ఇతరులతో మాట్లాడే) లైసెన్సు వచ్చింది, 100 వాట్ల రేడియో కొన్నాను. యూరప్, అమెరికా, జపాన్‌లతో మాట్లాడాలంటే డాబా మీద 15 మీటర్ల టవర్ తప్పదా? రేడియో కోసం ఇంటి ఎర్తింగ్‌తో సంబంధం లేకుండా వేరే గొయ్యి తవ్వించమని ఎలక్ట్రీషియన్ చెబుతున్నాడు. అది సరైనదేనా?

జవాబు:

టవర్ ఎంత ఎత్తుకు లేపాలో అడిగారు. తుపాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం దాన్ని ఎలా దించాలో అడగలేదు. విశాఖలో మొదట తేల్చుకోవలసింది ఆ రెండోదే. నా స్టేషన్ లాసన్స్ బే కాలనీలో ఉంది, నాకూ మీకూ ఉప్పుగాలి ఒకటే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: 15 మీటర్ల టవర్ వద్దు. ఆ డబ్బులో సగం ఎర్తింగ్‌కు, తుప్పు పట్టని సామానుకు పెట్టండి. ఎర్తింగ్ గొయ్యి తవ్వించండి, కానీ దాన్ని ఇంటి ఎర్తుతో తప్పనిసరిగా కలపండి. ఎలక్ట్రీషియన్ చెప్పిన "సంబంధం లేకుండా" అన్న మాటే ప్రమాదం.

ఎత్తు సంగతి చూద్దాం. 20 మీటర్ల బ్యాండులో (14 మెగాహెర్ట్జ్, తరంగం పొడవు దాదాపు 20 మీటర్లు) అడ్డంగా కట్టిన డైపోల్, అంటే నడుమ కేబుల్ కలిపిన రెండు సమాన తీగల యాంటెన్నా, నేలకు 10 మీటర్ల ఎత్తులో, అంటే సగం తరంగదైర్ఘ్యం ఎత్తులో ఉంటే దాని ప్రసారంలో ప్రధాన భాగం దాదాపు 30 డిగ్రీల కోణంలో పైకి పోతుంది. ఎత్తు 20 మీటర్లయితే ఆ కోణం 15 డిగ్రీల దగ్గరకు దిగుతుంది. కోణం తగ్గిన కొద్దీ అయనోవరణాన్ని తాకి నేలకు దిగే ఒక్కో గెంతు పొడవవుతుంది, దూరదేశం తక్కువ గెంతుల్లో అందుతుంది. ఎత్తుకు విలువ ఉంది, కాదనను. అయితే మీ డాబా ఇప్పటికే నేలకు ఏడు మీటర్ల పైన ఉంటుంది. దాని మీద ఐదారు మీటర్ల గొట్టం నిలబెడితే 20, 15, 10 మీటర్ల బ్యాండులకు సరిపడా ఎత్తు వచ్చినట్టే. అంతకు మించి లేపితే వచ్చే లాభం కొన్ని డెసిబెల్స్. అది వచ్చే సంకేతం బలాన్ని చూపే ఎస్ మీటరు మీద ఒక గీత కదలడానికి కూడా చాలకపోవచ్చు, ఎందుకంటే ఒక ఎస్ యూనిట్ అంటే ఆరు డెసిబెల్స్.

ఎత్తుకన్నా ముందు దిక్కు చూసుకోండి. ప్రపంచ పటాన్ని గోడకు అంటించి చూస్తే అమెరికా మనకు పడమరగా కనిపిస్తుంది. గోళం మీద దగ్గరి దారి వేరు. ఉత్తరాన్ని సున్నాగా పెట్టి కుడివైపుగా లెక్కిస్తే విశాఖ నుంచి న్యూయార్క్ 341 డిగ్రీల దిక్కున, దాదాపు ఉత్తరాన, సుమారు 13,000 కిలోమీటర్ల దూరంలో ఉంది. లాస్ ఏంజిలిస్ 22 డిగ్రీలు, అదీ ఉత్తరమే. లండన్ 320, టోక్యో 58, సిడ్నీ 130 డిగ్రీల దగ్గర. మన బీచ్ రోడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కదా, డైపోల్‌ను దానికి సమాంతరంగా కడితే ఒక పక్క యూరప్‌కు, రెండో పక్క సముద్రం మీదుగా ఆస్ట్రేలియాకు చూస్తుంది. న్యూయార్క్ కూడా ఆ యూరప్ పక్కనే పడుతుంది. నష్టపోయేది జపాన్, తీగ కొస అటే తిరిగి ఉంటుంది, కొస వైపు ప్రసారం బలహీనం కాబట్టి. మీ ఇంటికి పడమటి వైపు కంబాలకొండ ఉంది. డాబా ఎక్కి ఆ కొండ శిఖరం క్షితిజం నుంచి ఎన్ని డిగ్రీలు లేచి కనిపిస్తుందో ఫోనులోని కోణమానితో కొలవండి. ఆరు డిగ్రీలు ఉందనుకోండి, అంతకన్నా కింది కోణంలో పోయేదంతా కొండకే తగులుతుంది. అటువంటి చోట టవర్ ఇంకో నాలుగు మీటర్లు లేపి సాధించేది పెద్దగా ఉండదు.

జపాన్ కోసం సముద్రాన్నే వాడుకోవచ్చు. ఉప్పునీరు మామూలు నేల కన్నా వెయ్యి రెట్లు మెరుగైన విద్యుద్వాహకం. నిలువు యాంటెన్నా నీటి అంచుకు ఒకటి రెండు తరంగదైర్ఘ్యాల లోపు, అంటే 20 మీటర్ల బ్యాండులో 20 నుంచి 40 మీటర్ల లోపు ఉంటే తక్కువ కోణంలో వెళ్లే శక్తి ఇసుక నేలలో ఇంకిపోకుండా ముందుకు సాగుతుంది. నేను ఆదివారాలు ఐదు మీటర్ల చేపల గేలం కర్రకు తీగ చుట్టి, అడుగున నాలుగు రేడియల్ తీగలు పరిచి, బ్యాటరీతో ఇసుకలో కూర్చుంటాను. ఇంట్లో డైపోల్ మీద గొంతు చించుకుంటే గానీ అందని జపాన్ స్టేషన్లు అక్కడ మొదటి పిలుపుకే పలుకుతాయి. చూడవచ్చిన పిల్లలకు సమాధానాలు చెప్పడమే అసలు శ్రమ.

టవర్ ఎత్తుతోనే పని జరుగుతుందనుకునే వాళ్లకు నేను ఎప్పుడూ పోర్ట్ బ్లెయిర్ సంగతి గుర్తుచేస్తాను. 2004 డిసెంబరులో హామ్ భారతీ ప్రసాద్ బృందం అండమాన్ నుంచి వీయూ4ఆర్‌బీఐ అనే పిలుపు సంకేతంతో ప్రసారాలు చేస్తోంది. ఒక హోటల్లో తాత్కాలికంగా పెట్టుకున్న స్టేషన్ అది. హామ్‌లకు అరుదుగా దొరికే చోటు కాబట్టి వాళ్లతో మాట్లాడడానికి ప్రపంచమంతా వరసలో నిలబడింది. 26న సునామీ వచ్చాక అదే స్టేషన్ ద్వీపాలకు, ప్రధాన భూభాగానికి మధ్య వార్తల దారి అయింది.

ఇక గాలి. భవనాల మీద గాలి భారాన్ని లెక్కగట్టే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు సెకనుకు 50 మీటర్ల వేగం చూపుతుంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో ఒక చదరపు మీటరు మీద పడే ఒత్తిడి 1,500 న్యూటన్లు, సుమారు 150 కిలోల బరువు. మూడు మూలకాల యాగీ యాంటెన్నా (శక్తిని ఒకే దిక్కుకు పంపేది) గాలికి అర చదరపు మీటరు అడ్డు నిలుస్తుందనుకుంటే 15 మీటర్ల కొసన 75 కిలోలు పక్కకు లాగుతున్నట్టు. గొట్టం మీద, దాన్ని పక్కల నుంచి లాగి పట్టే గై వైర్ల మీద పడేది ఇంకా అదనం. ఇదంతా చివరికి మీ స్లాబు, మీ పిట్టగోడ మోయాలి. పిట్టగోడకు క్లాంపులు బిగించి టవర్ నిలబెట్టే వాళ్లను ఇంటి గేటు దగ్గరే ఆపేయండి. భారం స్తంభాల మీదకు దిగాలి. గై వైర్ల కొక్కేల కోసం స్లాబులో పడిన రంధ్రాలు సరిగా పూడ్చకపోతే వచ్చే వానాకాలానికి కింది గదిలో కారుతుంది, ఆపైన ఇంట్లో హామ్ రేడియో అన్న మాట ఎత్తలేరు.

50 మీటర్ల వేగం కాగితం మీది అంకె కాదని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూపించింది. నా మాస్టు (యాంటెన్నాను నిలబెట్టే గొట్టం) అడుగున మడత బందుతో ఉంటుంది, ముందు రోజే ఇద్దరం కలిసి దించి పిట్టగోడ వెంట పడుకోబెట్టి కట్టేశాం. తుపాను దాటాక వీధిలో చెట్టు అన్నది మిగలలేదు, ఫోన్లు పలకలేదు, కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. కారు బ్యాటరీ, గేటు నుంచి కిటికీ ఊచ దాకా లాగిన తీగ, 7 మెగాహెర్ట్జ్, ఈ మూడింటితోనే వీధిలో వాళ్ల క్షేమసమాచారాలు బయటి ఊళ్ల హామ్‌లకు అందించాను. నిటారుగా వదిలేసిన టవర్లు కొన్ని పక్క డాబాల మీద పడున్నాయి. అందుకే మీకూ మడత బందు మాస్టే చెబుతున్నాను, ఇద్దరు మనుషులు పావుగంటలో దించగలిగేది. అది ఏ వైపు కూలినా కరెంటు తీగలకు అందనంత దూరం ఉండాలి. నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగ ఊళ్లోనే ఉంది కాబట్టి నగరంలో ఎత్తైన నిర్మాణాలకు పరిమితులున్నాయి. సాగర్‌నగర్‌కు ఏం వర్తిస్తుందో ముందే కనుక్కోండి.

ఉప్పుగాలి గురించి రెండు మాటలే. బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ తీసుకోండి, 304 రకం మన తీరంలో మచ్చలు పడుతుంది. రాగి, అల్యూమినియం నేరుగా తాకనీయకండి. కనెక్టర్ల మీద తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టి, దాని మీద మామూలు టేపు చుట్టండి. రేడియోను యాంటెన్నాతో కలిపే కోయాక్స్ కేబుల్‌లో నీరు దిగితే వేధింపులు ఎక్కువ: ఎస్‌డబ్ల్యూఆర్ (శక్తి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే వెనక్కి రావలసిన శక్తిని కూడా కేబులే తినేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, ఎర్తింగ్. మామూలు పిడుగులో 30 వేల ఆంపియర్లు ప్రవహిస్తాయనుకోండి. మీ గొయ్యి నిరోధం 10 ఓములైతే ఆ క్షణాన అక్కడ పుట్టే వోల్టేజి మూడు లక్షలు. ఖర్చు పెట్టి దాన్ని ఒక ఓముకు దించినా 30 వేల వోల్టులు. కాబట్టి ఓములు తగ్గించి మాత్రమే పిడుగు నుంచి బయటపడలేం. మన చేతిలో ఉన్నది ఇంకోటి: రేడియో, మాస్టు, కరెంటు బోర్డు, కంప్యూటర్, కేబుల్ టీవీ తీగ, అన్నీ ఒకేసారి ఆ వోల్టేజికి ఎక్కి ఒకేసారి దిగేలా చూడడం. హైటెన్షన్ తీగ మీద వాలిన పిట్టకు ఏమీ కాదు, దాని రెండు కాళ్ల మధ్య తేడా లేదు కాబట్టి.

మీ ఎలక్ట్రీషియన్ చెప్పినట్టు చేస్తే ఆ తేడాను మీరే తయారుచేసినట్టు. కోయాక్స్ పై అల్లిక (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు వల) ఒక గొయ్యికి, పవర్ సప్లై మూడో పిన్ను ఇంకో గొయ్యికి పోతాయి. రెండింటి మధ్య దారి మీ రేడియో గుండానే. గాజువాక వైపు ఉండే మా స్నేహితుడి ఇంట్లో రేడియో గొయ్యి ఒక మూల, ఇంటి గొయ్యి ఎదురు మూల ఉండేవి. ఒక మే నెల సాయంత్రం రోడ్డుకు అవతల తాటిచెట్టు మీద పిడుగు పడింది. యాంటెన్నాకు గీత కూడా పడలేదు. పవర్ సప్లై, రేడియో ముందు భాగం, దానికి యూఎస్‌బీ తీగతో కలిపిన ల్యాప్‌టాప్ మూడూ పోయాయి. పిడుగు నేలలోకి దిగి పరుచుకున్నప్పుడు రెండు గోతుల దగ్గర వోల్టేజీలు వేరయ్యాయి, ఆ తేడా బల్ల మీది సామాను లోపలి నుంచి సర్దుకుంది.

కాబట్టి మాస్టు అడుగు నుంచి గోడ వెంట నిటారుగా రాగి పట్టీ దించండి. మాస్టు కింద మూడు మీటర్ల రాగి పూత రాడ్లు రెండు మూడు, ఒకదానికొకటి రాడ్డు పొడవుకు తగ్గని దూరంలో దిగేయించండి. వాటన్నిటినీ ఇంటి ప్రధాన ఎర్తుతో నేలలో పాతిన 25 × 3 మిల్లీమీటర్ల రాగి పట్టీతో కలపండి. వంపులు గుండ్రంగా తిప్పాలి, లంబకోణంలో మడవకూడదు. మీటరు తీగకు దాదాపు ఒక మైక్రోహెన్రీ ప్రేరకత్వం ఉంటుంది, పిడుగు ప్రవాహం మైక్రోసెకనుకు పది వేల ఆంపియర్ల చొప్పున ఎగబాకితే ప్రతి మీటరు మీదా పది వేల వోల్టులు నిలుస్తాయి. పొట్టిగా, వెడల్పుగా, తిన్నగా ఉండాలనేది ఇందుకే.

మీ రేడియో గది పై అంతస్తులో ఉంటే కోయాక్స్‌ను డాబా నుంచి సరాసరి కిటికీలోకి తేకండి. ముందు నేల దాకా దింపి, అక్కడ ఒక లోహపు పలకకు గ్యాస్ అరెస్టర్‌తో (వోల్టేజి ఎగిస్తే దాన్ని ఎర్తుకు మళ్లించేది) బిగించి, ఆ పలకను ఎర్తు పట్టీకి కలిపి, అప్పుడు పైకి తీసుకెళ్లండి. కేబుల్ ఎక్కువవుతుంది, కొంత నష్టం వస్తుంది, పర్వాలేదు. వీలుంటే గదినే కింది అంతస్తుకు మార్చుకోండి, అది ఇంకా మేలు.

గోతిలో ఉప్పు, బొగ్గు పోసే పాత పద్ధతికి నేను ఒప్పుకోను. ఉప్పు వానలకు కరిగిపోతుంది, ఉన్నన్నాళ్లు లోహాన్ని తింటుంది. బెంటొనైట్ పొడి తేమను పట్టి ఉంచుతుంది. మీ వైపు ఇసుక నేల, వేసవిలో పైపొర పూర్తిగా ఎండిపోతుంది. రాడ్డు తేమ తగిలే లోతుకు దిగాలి. కొండ వాలులో రాడ్డు కొండలైట్ రాయికి తగిలి ఆగిపోతే పోరాడకండి, అర మీటరు లోతు కాలువ తవ్వి పట్టీని అడ్డంగా పరవండి. ఏ పద్ధతి అయినా ఎర్తు టెస్టరుతో కొలిపించి అంకె రాసుకోండి, ఏడాదికోసారి మే నెలలో మళ్లీ చూడండి.

ఇంకో సంగతి. ఈ ఎర్తింగ్ వల్ల ప్రసారం మెరుగుపడదు. మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటోందని మళ్లీ గొయ్యి తవ్వించే వాళ్లున్నారు. మొదటి అంతస్తు నుంచి నేలకు దించిన ఐదు మీటర్ల ఎర్తు తీగ 20 మీటర్ల బ్యాండుకు దాదాపు పావు తరంగదైర్ఘ్యం. కింది కొస భూమిలో ఉంటే పై కొస దగ్గర వోల్టేజి గరిష్ఠంగా ఉంటుంది, అంటే రేడియో దృష్టిలో అక్కడ ఎర్తే లేదు. మందు వేరు: డైపోల్ నడుమ కేబుల్ కలిసే చోట 31 రకం ఫెర్రైట్ వలయానికి సన్నటి కోయాక్స్ పది పన్నెండు చుట్లు చుట్టి చోక్ చేయండి. ఆ చురుక్కు పుట్టించే, అల్లిక పైన వెనక్కి వచ్చే ప్రవాహం అక్కడే ఆగిపోతుంది. బోనస్‌గా ఇంటి ఎల్‌ఈడీ దీపాల, సోలార్ ఇన్వర్టర్ల రొద కూడా తగ్గుతుంది.

పిడుగుల రోజున ఇంత ఏర్పాటున్నా నేను పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ చూసి, ఉరుము వినిపించక ముందే కోయాక్స్, కరెంటు ప్లగ్గు రెండూ తీసేస్తాను. పీకిన కోయాక్స్ కొసను గదిలో వేలాడదీయకుండా బయటి పలక దగ్గరే విడదీయాలి.

మాస్టు లేచేదాకా ఆగనక్కర్లేదు. ఒక్కో పక్క ఐదు మీటర్లుండే తీగ డైపోల్‌ను ఈ వారమే డాబా మీద రెండు వెదురు బొంగుల మధ్య కట్టండి. ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్య 14 మెగాహెర్ట్జ్‌లో అమెరికా తూర్పు తీరాన్ని, సాయంత్రం యూరప్‌ను వెతకండి. పగలు 21, 28 మెగాహెర్ట్జ్ చూడండి. గొంతు వినిపించకపోతే 14.074 మెగాహెర్ట్జ్ మీద ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో నడిచే డిజిటల్ పద్ధతి) పెట్టండి, రొద కన్నా 20 డెసిబెల్స్ కింద ఉన్న సంకేతాన్ని కూడా అది చదువుతుంది. మన గడి (స్టేషన్ ఉన్న చోటును చెప్పే గ్రిడ్ సంకేతం) ఎన్‌కే17, సెట్టింగుల్లో అది రాయడం మర్చిపోకండి. మాస్టు గొట్టం కొనే ముందు డాబా ఫొటో, స్తంభాలు ఉన్న చోట్లు గుర్తు పెట్టి ఇక్కడ పెట్టండి, గై వైర్ల కొక్కేలు ఎక్కడ వేయాలో చూసి చెబుతాను.