పైథాన్ లైబ్రరీలైన నంపై, పాండాస్‌లలో ఒకే డేటాకి నంపై ఒక స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత), పాండాస్ ఇంకొకటి ఎందుకు ఇస్తున్నాయి?

మీ కోడ్‌లో తప్పేం లేదు, టెన్షన్ పడకండి. సగటు నుంచి తేడాల వర్గాల మొత్తాన్ని నంపై మామూలుగా విలువల సంఖ్య ఎన్‌తో భాగిస్తుంది, పాండాస్ ఎన్ మైనస్ 1తో. అంతే తేడా.

అసలు ఆ 1 ఎందుకు తీసేస్తామో చాలా క్లాసుల్లో చెప్పరు, ఫార్ములా బట్టీ పట్టిస్తారు, అదే నాకు బాధ. ముగ్గురు స్టూడెంట్లు వారానికి 4, 6, 11 గంటలు చదివారనుకోండి. సగటు 7. తేడాలు -3, -1, +4, వాటి వర్గాల మొత్తం 26. ఇప్పుడు కాలేజీ మొత్తం అసలు సగటు 8 అనుకుని అవే లెక్కలు వేస్తే 29 వస్తుంది. ఎందుకంటే 7 అనేది ఆ ముగ్గురి నుంచే తీసిన సగటు కాబట్టి వాళ్లకే అతి దగ్గరగా ఉంటుంది, దానితో కొలిస్తే చెదురు ఎప్పుడూ కాస్త తక్కువగానే కనిపిస్తుంది. ఆ లోటు సగటున పూడాలనే 3 బదులు 2తో భాగిస్తాం: 26ని 2తో భాగిస్తే వేరియన్స్ 13, దాని వర్గమూలమైన స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 3.61. నంపై మాత్రం 3తోనే భాగించి 2.94 చూపిస్తుంది.

మీ డేటా శాంపిల్, అంటే పెద్ద గుంపులోంచి తీసిన కొంత భాగం అయితే నంపైలో డీడాఫ్ (ddof) అనే సెట్టింగ్‌ని 1గా పెట్టండి. మీ దగ్గరున్నదే మొత్తం డేటా అయితే ఎన్‌తోనే భాగించండి. ఎక్సెల్‌లో కూడా ఇందుకే చివర ఎస్, పీ అని రెండు వేర్వేరు ఫంక్షన్లు ఉంటాయి, శాంపిల్‌కి ఎస్ వాడాలి.