తొమ్మిదో విస్తరి ముందు ఎవరు కూర్చున్నారు?

ప్రశ్న: ఫోన్‌కి వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ వివరాల్లో ‘కెర్నెల్‌లో రేస్ కండిషన్ వల్ల యూజ్ ఆఫ్టర్ ఫ్రీ’ అని చూశాను. వదిలేసిన మెమరీని మళ్లీ ముట్టుకుంటే మహా అయితే ఫోన్ ఆగిపోతుంది. దాంతో దొంగకి ఏం ఒరుగుతుంది సార్?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, గాజువాక

జవాబు: ఆగిపోతే అదృష్టమే అమ్మా. ఆగకపోతేనే భయం.

సింహాచలం కొండ కింద పెళ్లి భోజనాలనుకో. “మూడో వరసలో తొమ్మిదో విస్తరి మామయ్యగారిది, ఈ కవరు ఆయనకియ్యి” అని కుర్రాడికి చెప్పారు. వాడు గుర్తుపెట్టుకున్నది మనిషిని కాదు, చోటుని. వాడొచ్చేలోగా మామయ్యగారు లేచారు, ఆకు తీసేశారు, ముక్కూమొహం తెలీనివాడెవడో కూర్చున్నాడు. కవరు వాడికే! ఆ కుర్రాడే పాయింటర్, అంటే మెమరీలో చోటుని గుర్తుపెట్టుకునేది. మామయ్యగారు లేవడం ముందా, వాడు రావడం ముందా అన్న పోటీయే రేస్ కండిషన్. ఖాళీ అయిన చోట దొంగ తన డేటా నింపి కూర్చుంటాడు. కెర్నెల్ (ఫోన్‌ని నడిపే మూల ప్రోగ్రాము) దాన్ని సొంతదనుకుని నమ్మితే, మామూలు యాప్ కాస్తా రూట్, అంటే ఫోన్ మొత్తానికి పెత్తందారు, అయిపోవచ్చు. అంత రెప్పపాటులో ఎలా దూరతాడంటావా? లక్షసార్లు ప్రయత్నించడానికి ప్రోగ్రాముకి విసుగేముంది!

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. లారీల కాటాకి యూఎస్‌బీ డ్రైవర్ రాశాను. ప్రతి 100 మిల్లీసెకన్లకీ ఒక టైమర్ బరువు చదివేది. కేబుల్ పీకితే టైమర్ ఆపి మెమరీ వదిలేయాలి. ‘డెల్ టైమర్’ అని రాసి చేతులు దులుపుకున్నాను. అది ఇకముందు మోగేదాన్ని ఆపుతుంది గానీ, ప్రాసెసర్‌లో పక్క కోర్ మీద అప్పటికే నడుస్తున్న పని అయ్యేదాకా ఆగదు. వారానికోసారి మెషీన్ బిగుసుకుపోయేది. కారణం తెలుసుకుందామని ప్రింట్‌కేలు (కెర్నెల్ లాగ్‌లో సందేశాలు రాసే లైన్లు) పెట్టానో లేదో, జబ్బు మాయం! ఆ కాస్త ఆలస్యానికే వరస మారిపోయేది మరి. చివరికి కేసాన్ (కెర్నెల్‌లో మెమరీ తప్పుల్ని పట్టే సాధనం) ఆన్ చేసి, వేళ్లు నొప్పెట్టేలా కేబుల్ పీకితే దొరికింది. ఎవరు వదిలారో, తర్వాత ఎవరు ముట్టుకున్నారో రెండూ చూపించింది. మందల్లా ఒక్క మాట: ‘డెల్ టైమర్ సింక్’. నడుస్తున్న పని అయ్యేదాకా అది ఆగుతుంది.

నాది కాటాతో పోయింది. సీవీఈ-2021-0920 (బయటపడ్డ భద్రతా లోపాలకిచ్చే నంబర్లలో ఒకటి) అలా కాదు. ఆండ్రాయిడ్ కెర్నెల్‌కి మూలమైన లినక్స్‌లో, ప్రోగ్రాములు మాట్లాడుకునే యూనిక్స్ సాకెట్లలో ఒకరు సందేశాన్ని తొంగిచూస్తుండగానే, అక్కర్లేని మెమరీని ఏరేసే గార్బేజ్ కలెక్టర్ దాన్ని ఊడ్చేసేది. 2016లోనే ఒక డెవలపర్ పట్టుకుని చెప్పినా ప్యాచ్ (సరిచేసే మార్పు) లోపలికి రాలేదు. 2021లో మళ్లీ బయటపడితే గానీ సరిచేయలేదు. ఆ నవంబరులో ఆండ్రాయిడ్ భద్రతా బులెటిన్ వచ్చేసరికే దాన్ని వాడి దాడులు జరుగుతున్న ఆనవాళ్లున్నాయి.

ఇంతకీ ఆ అప్‌డేట్ చదివి ఊరుకున్నావా, వేశావా?