తోరణం అతికింది, రాళ్లు అతకలేదు

ప్రశ్న: సార్, ఖిలా వరంగల్‌లో కీర్తి తోరణాన్ని, ముందు పడి ఉన్న చెక్కడపు రాళ్లతో సహా వరుసకు 8 ఫొటోల చొప్పున రెండు వరుసల్లో తీశాను. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 50 ఎం.ఎం. లెన్స్. ఫొటోలను అతికించే హుగిన్ సాఫ్ట్‌వేర్‌లో కలిపితే పై వరుస బాగుంది. కింద రాళ్ల అంచులు మాత్రం రెండేసి కనిపిస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ మార్చాలా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మార్చొద్దు, హుగిన్ తప్పేమీ లేదు. తోరణం దూరంగా ఉంది, రాళ్లు మీ కాళ్ల దగ్గరున్నాయి. మామూలు ట్రైపాడ్ మీద కెమెరాను కిందికి వంచితే లెన్స్ కూడా ముందుకు జరుగుతుంది. రెండంగుళాలు జరిగినా తోరణంలో తెలియదు. దగ్గరి రాయి మాత్రం వెనక రాయిని ఒక ఫొటోలో కప్పేస్తుంది, ఇంకో ఫొటోలో చూపిస్తుంది. ఆ రాళ్ల మధ్య నేను రెండు చలికాలాలు తిరిగాను. మొదటి చలికాలం ఫొటోలన్నీ ఇలాగే పోయాయి.

కెమెరా ఎటు తిరిగినా లెన్స్‌లో ఒక బిందువు కదలకూడదు. లెన్స్‌లోకి ముందు నుంచి చూస్తే అపర్చర్ రంధ్రం ఎక్కడున్నట్టు కనిపిస్తుందో అదే ఆ చోటు. ఇంటి దగ్గరే పట్టుకోవచ్చు. గేటు ఊచను, వీధి చివరి కరెంటు స్తంభాన్ని ఒకే గీతలోకి తెచ్చి ట్రైపాడ్ మీద కెమెరాను అటూ ఇటూ తిప్పండి. ఊచ స్తంభం మీద నుంచి తప్పుకుంటే ట్రైపాడ్‌ను కదపకుండా దాని మీద కెమెరాను కొంచెం వెనక్కి జరిపి మళ్లీ చూడండి. తప్పుకోనప్పుడు, ట్రైపాడ్ తిరిగే ఇరుసుకు సరిగ్గా పైన లెన్స్ మీద టేపు అంటించండి.

రెండు వరుసలకు పనోరమా హెడ్ (ఆ బిందువు కదలకుండా కెమెరాను తిప్పే ట్రైపాడ్ తల) ఉంటే మేలు. అది ఖరీదనుకుంటే ట్రైపాడ్ వదిలేయండి. టేపు దగ్గర లెన్స్‌కు దారం కట్టి, చివర ఒక నట్టు వేలాడదీయండి. నేల మీద రూపాయి బిళ్ల పెట్టి, నట్టు దాని మీదే, అంతే ఎత్తులో ఉండేలా చూసుకుంటూ కెమెరా చుట్టూ మీరే తిరగండి. నేను ఇప్పటికీ ఇలాగే తీస్తాను.

ఇంకో మాట. మీ కెమెరాను నిలువుగా పడితే ఒక్కో ఫొటోలో అడ్డంగా 27 డిగ్రీలు, నిలువుగా 40 డిగ్రీలు పడతాయి. అడ్డంగా 18, నిలువుగా 25 డిగ్రీల చొప్పున జరిపితే అతకడానికి సరిపడా మేర కలుస్తుంది. అలా వరుసకు 5 తీస్తే 99 డిగ్రీలు. అంతవరకు రెక్టిలీనియర్ ప్రొజెక్షన్ (గీతలను తిన్నగానే ఉంచుతూ బొమ్మను పరిచే పద్ధతి) వాడొచ్చు, తోరణం దూలం తిన్నగా నిలుస్తుంది. 8 తీస్తే 150 దాటుతుంది, సిలిండ్రికల్ (గొట్టం లోపలి గోడ మీద పరిచినట్టు చేసే పద్ధతి) తప్పదు, దూలం విల్లులా వంగుతుంది. వంగిన తోరణాన్ని నేనైతే ఒప్పుకోలేను.

ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లోనే ఉంచండి.

పాత ఫొటోలు పారేయకండి. హుగిన్‌లో మాస్క్ అనే చోటికి వెళ్లి, ఒక్కో రాయిని ఒక్క ఫొటోలోనే ఉంచి మిగతా వాటిలో కప్పేయండి. చాలా అంచులు సర్దుకుంటాయి.