ఎవరు ఎక్కడ పడుకున్నారో ముందు చెప్పు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ళ ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటల్లో ఇంటిల్లిపాదీ ఆరుగురు దిగారని మొదటి పేరాలో తెలిసింది. ఆ తర్వాత రెండు పేజీలూ లాబీ గోడల మీది బొమ్మలు, చేపలు, కార్లు. మూడో పేజీలో, కొలను లోంచి బయటికి రామని పిల్లలు మారాం చేసిన ముచ్చట మధ్యలో, ఒక్క వాక్యం దొర్లింది: "అత్తయ్యగారు సోఫా పరుపు మీంచి లేవలేక తెల్లవారుజామున నన్ను పిలిచారు." ఆ వెంటనే "ఏదేమైనా పిల్లలు మాత్రం భలే సంబరపడ్డారు" అంటూ మళ్ళీ కొలను దగ్గరికి పరిగెత్తావు.

అత్తయ్యగారికి సోఫా ఎందుకిచ్చారు? తలుపు ఉన్న పడగ్గది ఎవరు తీసుకున్నారు? నీ వ్యాసమంతా వెతికాను, ఎక్కడా లేదు. నిన్ను నిలదీయడానికి అడగడం లేదు. ఆ పడగ్గది మీరే తీసుకుని ఉండొచ్చు, దానికి కారణాలూ ఉండొచ్చు. కానీ రేపు పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళబోయే మనిషి నీ రాత చదివేది ఈ ఒక్క సంగతి కోసమే. గోడ మీద ఏ చేప ఉందో వాళ్ళకి హోటల్ వెబ్‌సైట్ చూపిస్తుంది, నీకన్నా మంచి కెమెరాతో.

భాష బాగుంది. ఇక విషయానికొస్తాను.

ఇలాంటి హోటల్ సమీక్ష పడకతో మొదలవ్వాలని నా పట్టుదల. చాలామంది నవ్వుతారు, నవ్వనీ. బొమ్మల గదిని పిల్లలు కళ్ళు విప్పార్చుకుని చూసేది మొదటి అరగంట. ఆ తర్వాత నాలుగు రాత్రులూ అది పడుకునే చోటే. "ఆరుగురు పడుకోవచ్చు" అని హోటల్ వాళ్ళు రాస్తారు. అది ఆరుగురికి సరిపడా పరుపులున్నాయన్న లెక్క మాత్రమే. ఏ ఆరుగురు, ఏ వయసు వాళ్ళు, ఏ మోకాళ్ళ వాళ్ళు అన్నది వాళ్ళు చెప్పరు, నువ్వు చెప్పాలి.

మీరున్న ఫ్యామిలీ సూట్ సంగతే తీసుకో. మొత్తం 565 చదరపు అడుగులు. తలుపున్న పడగ్గది ఒకటి, హాలు ఒకటి, బాత్రూములు రెండు, ఒక మూల సింకు, చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్. పొయ్యి లేదు. హాల్లో సోఫా విప్పితే ఇద్దరికి, భోజనాల బల్లని పరుపుగా మారిస్తే ఇంకో ఇద్దరికి అని నువ్వే రాశావు. అంటే ఏమిటో ఆలోచించావా? బల్ల మీద పడుకున్నవాళ్ళు లేచేదాకా ఆ గదిలో కూర్చుని తినడానికి బల్ల లేదు. ఆరింటికే లేచి పాలకోసం ఏడ్చే పిల్లాడూ, ఎనిమిదింటిదాకా పడుకునే టీనేజీ పిల్లా ఒకే కుటుంబంలో ఉంటే ఆ ఉదయం ఎలా గడుస్తుందో పాఠకుడు ఊహించుకోలేడు. నువ్వు చూశావు, నువ్వే రాయాలి.

సోఫా పరుపుని ఇలా చూడాలి. సంచిలో ఒక టేపు పెట్టుకో. విప్పాక నేల నుంచి పరుపు పైభాగం దాకా ఎంత ఎత్తుందో కొలువు. మనిషి మోకాలు ఎత్తు ఇంచుమించు 18 అంగుళాలు. పరుపు దానికంటే బాగా కిందికి ఉంటే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆసరా లేకుండా లేవలేరు. అత్తయ్యగారు నిన్ను పిలవడానికి కారణం బహుశా ఇదే. పక్కన పట్టుకోవడానికి గట్టి బల్లగానీ, సోఫా చెయ్యిగానీ ఉందా చూడు. తర్వాత పరుపు మధ్యలో అరచేత్తో గట్టిగా నొక్కు. కింద అడ్డకమ్మీ చేతికి తగిలితే నడుముకీ తగులుతుంది. సోఫా విప్పడానికి ఒక మనిషి చాలా, ఇద్దరు కావాలా? దాని దిండ్లు రాత్రి ఎక్కడ పెట్టారు? నూటికి తొంభైమంది సమీక్షకులు ఈ దిండ్ల ఊసే ఎత్తరు. అవి నేలమీదికి చేరతాయి, రాత్రి బాత్రూంకి వెళ్ళే దారిలోనే ఉంటాయి, పెద్దవాళ్ళు తట్టుకునేది వాటికే. పరుపులన్నీ విప్పాక ఒక పెద్ద సూట్‌కేసు నేలమీద పూర్తిగా తెరుచుకుంటుందో లేదో చూసి, తెరిచి ఉంచి ఫొటో తియ్యి. ఆ ఒక్క ఫొటో చాలు, గది ఎంతో తెలిసిపోతుంది. ఫోనులో 0.5 లెన్సు జోలికి మాత్రం పోవద్దు, అగ్గిపెట్టెని కల్యాణ మండపంలా చూపిస్తుంది.

బంకు మంచాలుంటే లెక్క వేరు. లెగో బొమ్మల పార్కుల దగ్గరుండే లెగోలాండ్ హోటళ్ళలో పిల్లలకి విడిగా ఒక మూల, అందులో బంకు మంచం, దాని కిందనుంచి లాగే ఇంకో పరుపు ఉంటాయి. గదిలోనే ఒక చిన్న పెట్టె, ఆధారాలు వెతికి దాని తాళం అంకెలు కనుక్కునే ఆట. రాసేవాళ్ళంతా ఆ పెట్టెలో ఏం దొరికిందో వర్ణిస్తారు. ఆరేళ్ళలోపు పిల్లల్ని పై బంకు మీద పడుకోబెట్టకూడదని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ చెబుతుంది. పక్కకమ్మీ పరుపు కంటే కనీసం 5 అంగుళాలు పైకి ఉండాలన్నదీ అక్కడి నియమమే. కాబట్టి నీ పిల్లల వయసులు రాయి, టేపుతో కమ్మీ ఎత్తు కొలిచి రాయి. నాలుగేళ్ళ కవల పిల్లలున్న ఇంట్లో పై బంకు ఖాళీ, కింద గొడవ. ఆ సంగతి ముందే తెలిస్తే వాళ్ళు ఇంకో రకం గది చూసుకుంటారు.

ఇవన్నీ రాసి పంపితే సంపాదకులు ఏం చేస్తారో కూడా చెబుతాను. సోఫా పేరా కొట్టేస్తారు. బాత్రూం పేరా కొట్టేస్తారు. "కొంచెం ఫీల్ గుడ్‌గా ఉండాలండీ" అంటారు. "తప్పక వెళ్ళాల్సిన 7 కారణాలు" అని శీర్షిక పెట్టి, ఆరు కారణాలే దొరికితే ఏడోది వాళ్ళే కల్పిస్తారు. రేటింగు చుక్కలొకటి! నాలుగున్నర చుక్కలు ఎవరికి? ఇరవై ఐదేళ్ళ జంటకా, మోకాలికి ఆపరేషనైన మామగారికా? చుక్కలు అడిగిన చోటికి రాత పంపకు. కొత్తదానివి కదా, వాళ్ళ మాట కాదనలేకపోతే బొమ్మల పేరాలు కొయ్యమను, పడక పేరా మీద చెయ్యి వెయ్యనివ్వకు.

పడక తర్వాత నడక. గది తలుపు దగ్గర్నుంచి తిండి దొరికే చోటుకి, బస్సు ఎక్కే చోటుకి ఎన్ని నిమిషాలో కొలవాలి. నీ కాళ్ళతో కాదు, గుంపులో అందరికన్నా నిదానంగా నడిచేవాళ్ళ వెనక నడుస్తూ కొలువు. పొద్దున ఒకసారి, రాత్రి డిస్నీ పార్కు నుంచి తిరిగొచ్చాక ఒకసారి. రెండు అంకెలూ వేరుగా వస్తాయి, రెండూ రాయి.

నీ హోటల్లో ఇది మామూలు తేడా కాదు. మొత్తం 1,984 గదుల్లో 1,120 సూట్లు, మిగిలిన 864 లిటిల్ మెర్మెయిడ్ విభాగంలోని చిన్న గదులు (అక్కడ ఒక్కో విభాగానికి ఒక్కో సినిమా పేరు). ఒక్కోటి 277 చదరపు అడుగులు, లాబీకి అన్నిటికన్నా దూరం. తలుపు తీస్తే బయటి వరండా. పక్కనున్న పాప్ సెంచరీ హోటల్‌కి రెండో సగంగా ఆ స్థలంలో కట్టడం మొదలుపెట్టి 2001 తర్వాత ఆపేశారు, చివరికి 2012లో ఈ పేరుతో తెరిచారు. అందుకే మెర్మెయిడ్ గదులు వరండా పద్ధతిలో పాప్ సెంచరీని పోలి ఉంటాయి, సూట్లకేమో లోపలి కారిడార్లు. లాబీ ఉన్న భవనంలోనే ఫుడ్ కోర్టు. కూర్చోబెట్టి వడ్డించే రెస్టారెంటు ఈ హోటల్లో లేదు. కాబట్టి మెర్మెయిడ్ గదిలో దిగినవాళ్ళకి రాత్రి పది గంటలకి పాప ఆకలంటే ఆ దూరమంతా నడకే, వాన పడుతుంటే తడవడమే. నువ్వు "హోటల్ చాలా విశాలంగా ఉంది" అని రాసి మురిసిపోయావు. విశాలమంటే ఎవరో నడవాలి కదా.

కేబుల్ కారు గురించి "గాల్లో తేలిపోయాం" అన్నావు. అది 2019 సెప్టెంబరులో మొదలైంది. స్టేషన్ మీ హోటల్‌కీ పాప్ సెంచరీకీ మధ్య చెరువు మీది వంతెన దగ్గర ఉంది, రెండు హోటళ్ళవాళ్ళూ అక్కడే ఎక్కాలి. డిస్నీ పార్కుల్లో ఎప్‌కాట్‌కి గానీ హాలీవుడ్ స్టూడియోస్‌కి గానీ వెళ్ళాలంటే కరీబియన్ బీచ్ అనే ఇంకో డిస్నీ హోటల్ దగ్గర దిగి మారాలి. మ్యాజిక్ కింగ్‌డమ్‌కీ యానిమల్ కింగ్‌డమ్‌కీ అది పోదు, బస్సే గతి. కేబుల్ కార్లో ఏసీ ఉండదు. మెరుపులొస్తే ఆపేస్తారు, ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు మెరుపులు మామూలే. మీరు ఏ నెలలో వెళ్ళారో కూడా నువ్వు రాయలేదు! నెల లేని సమీక్ష ఎవరికి పనికొస్తుంది?

ఇప్పుడు బొమ్మల సంగతి. వాటి గురించి రాయొద్దనను. మోకాళ్ళ మీద కూర్చుని, మూడున్నర అడుగుల ఎత్తు నుంచి గదిని చూడు. గోడ మీది గొప్ప చిత్రం పెద్దవాళ్ళ కంటికి ఎదురుగా ఉండి, పిల్లలకి మంచం చెక్క మాత్రమే కనబడుతుందేమో. ఏది తాకొచ్చు, ఎక్కొచ్చు, ఏది ఫొటోకి మాత్రమే? అలంకారం బాత్రూందాకా వచ్చిందా, కారిడార్లోనే ఆగిపోయిందా? లయన్ కింగ్ విభాగానికి సొంత కొలను లేదు, ఆడుకునే స్థలమే ఉంది. ఈత కొట్టాలంటే పక్క విభాగానికి నడవాలి. నీమో విభాగంలోని పెద్ద కొలను మాత్రం 3 లక్షల గ్యాలన్లకి పైమాటే. ఒక పక్కన మెట్లు లేకుండా ఏటవాలుగా దిగొచ్చు. నువ్వు నీళ్ళ అడుగున వినిపించే పాటల గురించి పేరా రాశావు, ఆ ఏటవాలు ఊసెత్తలేదు. మెట్లు దిగలేనివాళ్ళు నీళ్ళలో కాళ్ళు పెట్టుకోగలిగేది అక్కడే.

ఇంకోటి. ఆ సినిమాలేవీ చూడని మనిషికి ఆ గది ఎలా ఉంది? అత్తయ్యగారిని అడిగి రాయి. అదే కంపెనీవాళ్ళ ఇంకో హోటల్, యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్, 2001లో తెరిచారు. 1994 నాటి వైల్డర్‌నెస్ లాడ్జ్ కట్టిన పీటర్ డొమినిక్కే దానికీ వాస్తుశిల్పి. అక్కడ ఏ సినిమా చూసి ఉండక్కర్లేదు, బాల్కనీలోంచి జిరాఫీలు కనిపిస్తాయి. కానీ అన్ని గదులూ జంతువుల వైపు ఉండవు. దీపాల వెలుతురు తక్కువ, చత్వారం ఉన్నవాళ్ళకి చదవడం కష్టం. ఏ పార్కుకీ నడిచి వెళ్ళలేరు. ఏ రకం గది బుక్ చేశారో చెప్పకుండా ఆ హోటల్ గురించి మంచి రాసినా చెడు రాసినా దండగే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మొదటి రాత్రి దీపాలన్నీ ఆర్పి, కర్టెన్ల సందుల్లోంచీ తలుపు కిందనుంచీ ఎంత వెలుతురు వస్తుందో చూడు. పక్క గదిలోకి మధ్యతలుపు ఉంటే చప్పుడంతా దానిలోంచే వస్తుంది. చాలా హోటళ్ళలో ఏసీకి కదలికలు పసిగట్టే సెన్సర్ ఉంటుంది, అందరూ నిద్రపోతే గది ఖాళీ అనుకుని చల్లదనం తగ్గించేస్తుంది. రెండు బాత్రూముల్లోనూ ఒకేసారి షవర్ తిప్పి వేడినీళ్ళు నిలబడతాయా చూడు. ప్లగ్గులు ఎన్నో కాదు, మంచం పక్కన ఎన్నో లెక్కపెట్టు. నిద్రలో ఊపిరికి మెషీన్ వాడే పెద్దవాళ్ళకి సోఫా పక్కన ప్లగ్గు లేకపోతే ఆ పరుపు లేనట్టే.

గది ఉచితంగా ఇచ్చినా, తగ్గించి ఇచ్చినా ఆ మాట మొదటి పేరాలోనే రాయి. ఆ సంగతి స్పష్టంగా చెప్పడం అమెరికాలో నియమం కూడా, వాళ్ళ వాణిజ్య కమిషన్ అడుగుతుంది. ఆఖర్న చిన్న అక్షరాల్లో పెట్టేవాళ్ళని చాలామందిని చూశాను, ఇప్పుడు వాళ్ళే పెద్ద పేర్లు.

శీర్షిక గురించి, యూట్యూబ్ గురించి అడిగావు. వాటి గురించి ఇప్పుడు కాదు.

వ్యాసం తిరగరాసి పంపు. ఎవరు ఏ పరుపు మీద పడుకున్నారో, వాళ్ళ వయసులతో, మొదటి పేరాలోనే ఉండాలి. లాబీ ఫొటోలు పదకొండూ తీసెయ్, ఒక్కటి ఉంచుకో. రాత్రికి ఎంత అని గుండుగుత్తగా రాయకుండా, ఏ తారీకున బుక్ చేశారో, వారంలో ఏ రోజులో, పన్ను ఎంతో విడివిడిగా రాయి, ఆ రేట్లు రోజుకోలా ఉంటాయి. బిల్లు కాగితం పారేసి ఉంటే మీ ఆయన ఈమెయిల్‌లో ఉంటుంది, వెతికించు.

ఆశీస్సులతో.