బయాప్సీ ఆపండి, బొటనవేళ్లు చూపించండి

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. పుట్టుకతోనే రెండు కాళ్ల బొటనవేళ్లూ పొట్టిగా, పక్కవేళ్ల వైపు వంగి ఉన్నాయి. మూడు నెలల కిందట మెట్ల మీద పడ్డాడు. అప్పటినుంచి మెడ వెనక, వీపు మీద గట్టి గడ్డలు లేస్తున్నాయి. మెడ తిప్పలేకపోతున్నాడు. ముక్క తీసి పరీక్షకు పంపాలంటున్నారు. మాది మేనరికం, దానివల్లేనా?
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఆ బయాప్సీ ఆపించండి. బొటనవేళ్ల సంగతి రాసి మంచిపని చేశారు. ఆ వేళ్లూ ఈ గడ్డలూ కలిపి చూస్తే ఫైబ్రోడిస్‌ప్లేసియా ఆసిఫికన్స్ ప్రోగ్రెస్సివా, పొట్టిగా ఎఫ్‌ఓపీ, అనుమానించాల్సిందే. సుమారు పది లక్షల మందిలో ఒకరికి వచ్చే జబ్బు. సర్వీసంతా చేసినా ఒక్క కేసూ చూడని డాక్టర్లే ఎక్కువ. గడ్డ కనిపిస్తే క్యాన్సరేమోనని ముక్క తీయబోవడం సహజమే. కానీ ఎఫ్‌ఓపీలో కండకు ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడ ఎముక మొలుస్తుంది. కత్తి పెట్టినా అంతే. మొలిచిన ఎముకను కోసి తీసేస్తే మళ్లీ, ఇంకా ఎక్కువగా వస్తుంది.

కారణం 2వ క్రోమోజోమ్ మీది ఏసీవీఆర్1 అనే జన్యువు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో దాన్ని పట్టుకున్నారు. ఎక్కువమందిలో ఆ జన్యువు రాతలో జరిగే తప్పు ఒక్క అక్షరమే: 617వ చోట 'జి' పడాల్సింది 'ఏ' పడుతుంది. ఎముక ఎప్పుడు కట్టాలో కణానికి చెప్పే స్విచ్ దాంతో వదులైపోతుంది. మామూలుగా దాన్ని వేయలేని యాక్టివిన్-ఏ అనే ప్రొటీన్ కూడా వేసేస్తుంది.

మేనరికం మాటకొస్తే, దగ్గరి పెళ్లిళ్లతో పెరిగే జబ్బుల్లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఒకే జన్యువు చెడ్డ కాపీలు రెండు కలవాలి. దీనికి ఒక్కటి చాలు, అదీ చాలావరకు బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. అంటే ఇది మేనరికం వల్ల కాదు. మీకు పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే కాబట్టి ఆ మాట ఇంట్లో అందరికీ ఒకేసారి చెప్పేయండి.

నిర్ధారణకు రక్తంతో చేసే జన్యుపరీక్ష సరిపోతుంది. నరంలోంచి రక్తం తీయడానికి భయం లేదు. ఇక్కడి పిల్లల డాక్టరు చేత ఉత్తరం రాయించుకుని హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగానికి వెళ్లండి. ఈలోగా కండకు ఇంజెక్షన్ వద్దు. ఈ వయసులో వేసే డీపీటీ బూస్టర్ అలాంటిదే, ఇంకా వేయించకపోతే ఆగండి. పంటి డాక్టరుకూ ముందే చెప్పండి, దవడకు మత్తు సూది ప్రమాదం. కొత్తగా వాపు వస్తే 24 గంటల్లోపు డాక్టరును కలవండి, కొద్దిరోజుల స్టెరాయిడ్ అవసరపడొచ్చు. 2023లో అమెరికా ఈ జబ్బుకు పాలోవరోటిన్ అనే మందుకు అనుమతిచ్చింది. అది పిల్లల ఎదుగుదలనే ఆపేసే ప్రమాదముంది, మగపిల్లలకు పదేళ్లు దాటాకే.

ఇంకొకటి. మెడ పట్టేసిందని నూనె మర్దనా, నాటుకట్టూ చేయించకండి. ఆ మెడను బలవంతంగా ఎవరూ తిప్పకూడదు.