ఉదయం స్టార్ట్ చేయగానే గరగర శబ్దం: ఏ ఆయిల్ ఫిల్టర్ వేయించాలి?

నమస్కారమండి. బయట కొన్న చవక ఫిల్టర్ వేయించినప్పటి నుంచి మీ పెట్రోల్ స్విఫ్ట్ ఉదయం స్టార్ట్ చేయగానే రెండు మూడు క్షణాలు గరగరమంటోందని, ఇక షోరూం ఫిల్టరే వాడాలా అని అడిగారు. ఆయిల్ మట్టం సరిగా ఉంటే ముందు అనుమానించాల్సింది ఆ ఫిల్టర్‌నే.

దాని మూతి దగ్గర చిన్న రంధ్రాల వరుస వెనుక రబ్బరు పొర ఒకటి కనిపిస్తుంది. ఇంజన్ ఆగాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి జారకుండా ఆపేది అదే. నాసిరకం రబ్బరు వేడికి బిరుసెక్కి పట్టు వదులుతుంది. రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున్నే పంపు మళ్లీ ఫిల్టర్‌ను నింపేదాకా ఇంజన్ పైభాగానికి ఆయిల్ అందదు.

అలాగని బయటివన్నీ చెడ్డవి కావు. బాష్, మాన్, మాలే వంటి సంస్థలు కార్ల కంపెనీలకే ఫిల్టర్లు సరఫరా చేస్తాయి. అసలు భయం నకిలీలతోనే; కంపెనీ డబ్బాను అచ్చుగుద్దినట్టు తయారుచేసి అమ్ముతారు. అందుకే బిల్లిచ్చే అధీకృత దుకాణంలోనే, పార్ట్ నంబరు సరిచూసి కొనండి. మరలు సరిపోయినంత మాత్రాన చాలదు, ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ను పక్కదారిన పంపే లోపలి బైపాస్ వాల్వ్ తెరుచుకునే ఒత్తిడి వేరుగా ఉండవచ్చు. వారంటీ ఉంటే మాత్రం షోరూందే వేయించండి, వాదనకు తావుండదు.

మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉందేమో వేలితో తడిమి చూడమనండి. దానిమీదే కొత్తది బిగిస్తే ఆయిల్ కారిపోతుంది. ఫిల్టర్ మార్చినా శబ్దం తగ్గకపోతే టైమింగ్ చైన్ (ఇంజన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా నడిపే గొలుసు) మెకానిక్‌కు చూపించండి.