ఇండియా మ్యాచ్ డీడీలో వస్తది, ఐపీఎల్ ఎందుకు రాదు?

హనుమకొండలో డీడీ ఫ్రీ డిష్ పెట్టుకున్న ఇళ్లల్లో వేసవి వచ్చిందంటే ఇదే ప్రశ్న. కారణం 2007లో వచ్చిన చట్టం. దేశానికి ముఖ్యమని కేంద్రం ప్రకటించిన మ్యాచ్‌ల సిగ్నల్‌ను, హక్కులు కొన్న ఛానల్, దూరదర్శన్ (డీడీ)ని నడిపే ప్రసార భారతికి ఇవ్వాల్సిందే. దానిమీద డీడీకి వచ్చే యాడ్స్ డబ్బులో కనీసం 75 శాతం ఆ ఛానల్‌కు పోతుంది. మన మగవాళ్ల జట్టు ఆడే వన్డేలు, టీ20లు ఆ జాబితాలో ఉన్నాయి, ఐపీఎల్ లేదు, అది దేశం జట్టు ఆడేది కాదు, ఫ్రాంచైజీల (క్లబ్బుల్లాంటి ప్రైవేటు జట్ల) టోర్నీ.

ఇక డబ్బు సంగతి. 2023 నుంచి 2027 దాకా ఐదు సీజన్ల ఐపీఎల్ హక్కులు మొత్తం 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి, లెక్కేస్తే మ్యాచ్‌కు 118 కోట్ల దాకా. అంత పెట్టినవాళ్లు దాన్ని యాడ్స్, సబ్‌స్క్రిప్షన్లతోనే రాబట్టుకోవాలి కదా. ఓవర్ అయిపోగానే యాడ్, వికెట్ పడితే యాడ్, ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండున్నర నిమిషాల టైమ్‌అవుట్‌లు రెండు, వాటిలోనూ యాడ్సే. హక్కులు అమ్మిన క్రికెట్ బోర్డు (బీసీసీఐ)కు చేరిన సొమ్ములో పెద్ద వాటా ఫ్రాంచైజీలకు పోతుంది, అవి ఆటగాళ్ల జీతాలు కట్టేది చాలావరకు దాంతోనే, టికెట్ల డబ్బు దాని ముందు చిన్నదే. నా మటుకు, ఫైనల్ ఒక్కటైనా ఆ జాబితాలో చేర్చాలి.